అమ్మ షుగర్ గీత ఎవరిది?

మొన్న మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం నాలుగున్నరకి, న్యూజెర్సీలో ఆఫీసు మీటింగ్ మధ్యలో నా ఫోన్‌లో అలారం మోగింది. తెనాలిలో ఉన్న అమ్మ చేతికి అప్పుడు ఒక షుగర్ సెన్సర్ అంటించి ఉంది. అది రాత్రింబవళ్లు షుగర్ కొలుస్తూ ఫోన్‌లోని యాప్‌లో ఒక గీతలా చూపిస్తుంది. అమ్మ షుగర్ 58కి పడిపోయిందని ఆ యాప్ చెబుతోంది. అక్కడ రాత్రి రెండు గంటలు. బయటికి పరుగెత్తి ఫోన్ చేస్తే ఆరో రింగుకి ఎత్తింది. "ఏమైందే? పిల్లలు బాగున్నారా?" అన్నది అమ్మ మొదటి మాట. ఆ గొంతులో వణుకు నాకింకా గుర్తుంది. నాన్న లేచి లైటు వేసి, గ్లూకోమీటర్ వెతికి, అమ్మ వేలికి సూది గుచ్చి చూస్తే 108.

అమ్మకి ఏమీ కాలేదు. సెన్సర్ ఉన్న ఎడమ చేతి మీద ఒత్తిగిలి పడుకుంది, అంతే. సెన్సర్ నేరుగా రక్తంలో షుగర్‌ని కొలవదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో కొలుస్తుంది. ఆ చోటు మీద బరువు పడితే లేని తగ్గుదల చూపిస్తుంది. మామూలుగా కూడా రక్తంలో వచ్చిన మార్పు అక్కడ కనిపించడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రాత్రి అమ్మానాన్నలకి మళ్లీ నిద్ర పట్టలేదు.

ఇలాంటి యాప్‌లు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. అమ్మని పట్టుబట్టి ఒప్పించింది నేనే, ఇప్పటికీ అవి కావాలనే అంటాను. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. 2023లో వచ్చిన లెక్క ఇది. షుగర్ మాత్రల డబ్బా లేని తెలుగు ఇల్లు నాకు తెలిసినవారిలో లేదు. మూడు నెలలకోసారి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష సగటు ఎంతో చెబుతుంది గానీ, మంగళవారం ఇడ్లీ తిన్నాక ఏమైందో చెప్పదు. అది చెప్పేది ఈ గీతే.

మా ఇంట్లో ఆ గీత చేసిన మేలు ఒకటి చెప్పాలి. అమ్మ ఏళ్ల తరబడి పొద్దున్నే రాగి జావ తాగేది, షుగర్‌కి మంచిదని. అందరం అదే నమ్మాం. సెన్సర్ పెట్టుకున్న మూడో రోజు జావ తాగిన ముప్పావుగంటకి గీత నిటారుగా లేచి 230 దాటింది. రాగి గింజ మంచిదే. కానీ మెత్తగా పిండి పట్టించి, ఉడికించి, పలుచగా కాచి తాగితే అది ఇట్టే అరిగి రక్తంలోకి చేరిపోతుంది. మర్నాడు పెసరట్టు తింటే 165 దగ్గరే ఆగింది. ఏ డాక్టరూ చెప్పకుండా, నేను నెట్‌లో చదివి పాఠం చెప్పకుండా, అమ్మ తన కళ్లతో తాను చూసుకుంది. ఆ యాప్ అంతా ఇంగ్లీషులోనే ఉంది. అయినా అంకె పక్కన ఉండే బాణానికి భాష అక్కర్లేదు. "బాణం పైకి తిరిగిందే, కాసేపు నడిచొస్తా" అని డాబా ఎక్కేది.

తిండి లెక్క రాసుకునే యాప్‌లతో మాత్రం మనకి ఇబ్బందే. అన్నం ఎన్ని కప్పులు అని అడుగుతుంది. మన ఇళ్లలో అన్నం కప్పుల్లో తినం. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి ఇంకొంచెం, చివరికి పెరుగులోకి. నాలుగు విడతలూ కలిపి ఎంతో వడ్డించిన వాళ్లకే తెలియదు. వండిన అన్నం ఒక అమెరికన్ కప్పుకి 45 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. ఒక్కసారి, ఒక్క పూట, తినబోయే అన్నమంతా ముందే కప్పుతో కొలిచి కంచం పక్కన గిన్నెలో పెట్టుకుని చూడండి. ఏ యాప్‌లో ఏ అంకె నొక్కినా దానికన్నా ఎక్కువ నేర్పదు.

కానీ మా ఇంట్లో పేచీ తిండి దగ్గర రాలేదు. చూసేది ఎవరు అన్న దగ్గర వచ్చింది. సెన్సర్ అమ్మ చేతికి ఉంది, గీత నా ఫోన్‌లోకీ వస్తోంది. న్యూజెర్సీలో కూర్చుని రోజుకి ఇరవై సార్లు చూసేదాన్ని. 200 దాటగానే ఫోన్: "అమ్మా, ఇప్పుడేం తిన్నావ్?" ఏప్రిల్‌లో పిన్ని మనవడి అన్నప్రాశనకి వెళ్లినప్పుడు అమ్మ ఫోన్ స్విచాఫ్ చేసేసింది. నా ఫోన్‌లో ఆ పూట గీత లేదు. రాత్రి గట్టిగా అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నలుగురిలో ఉండగా ఏం తిన్నావని అడుగుతావు. అరిసె తింటే దొంగతనం చేసినట్టుంటోందే నాకు."

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అమ్మ మీద ప్రేమతో చేస్తున్నాననుకున్న పని అమ్మని దాచుకునే మనిషిని చేసింది. నెలాఖరుకి సెన్సర్ తీసేస్తానంది. తీసేసింది కూడా.

దూరంగా ఉన్న పిల్లలందరికీ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. మీ ఫోన్‌లో తక్కువ షుగర్ అలారం ఒక్కటే ఉంచండి, ఎక్కువ అలారం ఆపేయండి. భోజనం తర్వాత అమ్మ షుగర్ 240 ఉంటే ఎనిమిది వేల మైళ్ల అవతల నుంచి మీరు ఆ నిమిషంలో చేయగలిగింది ఏమీ లేదు. దాని సంగతి నెలలో ఒకసారి డాక్టరు చూసుకుంటారు. 70 కన్నా తగ్గితే అది నిమిషాల వ్యవహారం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకీ ఈ ప్రమాదం ఉంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మానకుండా వేసుకునే అమ్మలు మన ఇళ్లలో తక్కువేం కాదు. ఉపవాసం రోజు మాత్ర సంగతి ముందే డాక్టరుని అడిగి పెట్టుకోవాలి. అలారం మోగితే ముందు వేలికి సూది గుచ్చి సరిచూడమనండి. నిజంగా తగ్గి ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ఒళ్లు చెమటలు పట్టి వణుకుతుంటే మీటర్ కోసం వెతుకుతూ కూర్చోకుండా ముందు చక్కెర నీళ్లు తాగాలి. ఇది ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించి రండి. మేం అదే చేశాం.

ఇంకో చిన్న సంగతి. ఇండియాలో, అమెరికాలో షుగర్‌ని ఒక కొలతలో చెబుతారు, కెనడా, బ్రిటన్‌లలో ఇంకో కొలతలో. అక్కడి అంకెని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. టొరంటోలో ఉండే అన్నయ్య తన షుగర్ 6.5 అని ఫ్యామిలీ గ్రూపులో పెడితే అమ్మ దాన్ని హెచ్‌బీఏ1సీ అనుకుని రెండు రోజులు టెన్షన్ పడింది. అది మన లెక్కలో 117.

సూది లేకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు దయచేసి కొని పంపకండి. అలాంటి ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకె చూసి మందు మోతాదు మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

వేసవిలో ఆర్నెల్లు ఉండటానికి ఇక్కడికి వచ్చే తల్లిదండ్రుల కోసం ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా హెల్త్ క్యాంపు పెడుతుంది. షుగర్ ఒకసారి చూసి చీటీ ఇచ్చి పంపేస్తాం. ఈసారి పక్కనే రెండు బల్లలు ఎక్కువ వేద్దాం. ఇన్సులిన్ వాడని పెద్దవాళ్లకి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే సెన్సర్లు 2024 నుంచి ఇక్కడ ఉన్నాయి. అవి ఎలా పెట్టుకోవాలో, బాణం ఎలా చూడాలో తెలుగులో, పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా చూపించే కుర్రవాళ్లు మన దగ్గర బోలెడంతమంది ఉన్నారు. ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లలు లాక్కుని సెట్టింగులు మార్చకూడదు. ఆ ఒక్క షరతు నాది.

అమ్మ జూన్‌లో మళ్లీ సెన్సర్ పెట్టించుకుంది, తనంతట తనే. ఎప్పుడూ పెట్టుకునే ఉండదట, రక్త పరీక్షకి ముందు పద్నాలుగు రోజులు చాలట. డాక్టరు కూడా సరేనన్నారు. నాకు కనిపించేది తక్కువ అలారం ఒక్కటే. మిగతాది తనకి చెప్పాలనిపిస్తే చెబుతుంది. పోయిన ఆదివారం వాట్సాప్‌లో గీత ఫోటో పంపింది. మధ్యలో ఒక చిన్న గుట్ట, దాని కింద మెసేజ్: "ఇది మామిడి పండు. సగమే తిన్నా. చాలా తీపిగా ఉంది."