మతిమరుపు భర్తల తరఫున ఒక వకాల్తా

మొన్న రాత్రి ఇంట్లో ‘వెర్టిగో’ చూశాం. హిచ్‌కాక్ 1958లో తీసిన సినిమా. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక అన్నిటికన్నా గొప్ప సినిమా ఏదని విమర్శకులను అడిగితే, యాభై ఏళ్ళుగా మొదటి స్థానంలో తిష్ఠ వేసిన ‘సిటిజన్ కేన్’ను దింపి దీన్ని ఎక్కించారు. అంతటి సినిమా. దీనివల్ల కాపురాలకు వచ్చే ముప్పు గురించి మాత్రం వాళ్ళెవరూ రాసినట్టు లేదు. కాబట్టి ఆ భారం నేనే మోస్తున్నాను.

హీరో స్కాటీకి ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అందుకని పోలీసు ఉద్యోగం మానేశాడు. (ఇలాంటి కథలకు హీరో ఖాళీగా ఉండటం కనీస అర్హత. పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తేవాడికి పిచ్చిప్రేమ ఎక్కడ కుదురుతుంది?) పాత స్నేహితుడు తన భార్య మీద ఓ కన్నేసి ఉంచమంటే కారేసుకుని ఆమె వెంట తిరిగి, ప్రేమలో పడతాడు. ఆమె గంటస్తంభం మీంచి పడి చనిపోతుంది. కొన్నాళ్ళకు అవే పోలికలున్న ఇంకో అమ్మాయి రోడ్డు మీద కనిపిస్తుంది.

ఇక మొదలు. పోయినామె వేసుకున్న బూడిదరంగు సూటే కావాలంటాడు. దుకాణంలో ఏది చూపించినా అది కాదంటాడు. బూట్లూ అవే. జుట్టుకు అదే రంగు. రంగు వేయించుకొస్తే, ముడి కూడా అలాగే వేసుకోమంటాడు.

సరిగ్గా ఇక్కడ మా ఆవిడ సినిమా ఆపింది.

“నిన్న నేను వేసుకున్న డ్రెస్ ఏ రంగు?”

బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్, తెలియకపోతే పదిహేను సెకన్ల ఉలికిపాటు అని హిచ్‌కాక్ సిద్ధాంతం. నా సోఫా కింద బాంబు ఉందని నాకు తెలుసు. పెట్టినావిడకూ తెలుసు. కెమెరా వెనక్కి జరుగుతుంటే లెన్సు ముందుకు లాగి, మెట్ల మధ్య అగాధం చూపిస్తాడే, ఆ షాట్ నాకు కూర్చున్నచోటే పడింది.

“నీలం… లాంటిది” అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. సినిమా మళ్ళీ మొదలైంది. అయిపోయాక నేను నా వాదన వినిపించాను.

చూడు, ఇతనికి సూటు గుర్తుంది, బూట్లు గుర్తున్నాయి, జుట్టుముడి గుర్తుంది. ఏం లాభం? పోయిందనుకున్న మనిషే ఎదురుగా కూర్చుని భోంచేస్తుంటే పోల్చుకోలేకపోయాడు. చివరికి నెక్లెస్ చూసి పట్టుకున్నాడు! పట్టుకుని ఆమెను మళ్ళీ ఆ గంటస్తంభమే ఎక్కించాడు, ఈసారి ఆమె నిజంగానే పడి పోయింది. (గుట్టు విప్పానని కోప్పడకండి. సినిమా ఇంకా మిగిలుండగానే హిచ్‌కాకే దాన్ని మన చెవిన వేసేశాడు.) అదే స్కాటీ స్థానంలో నాలాంటి వాడుంటే? నెక్లెస్‌ను చూసి “బాగుంది, కొత్తదా?” అనేవాడు. కథ సుఖాంతం. ఆ అమ్మాయి బతికి ఉండేది. మతిమరుపున్న ఏ భర్తా భార్యను గంటస్తంభం ఎక్కించిన దాఖలా లేదు. ఎక్కించాలనుకున్నా, ఏ స్తంభమో మర్చిపోతాడు.

మా ఆవిడ అంతా ఓపిగ్గా విని, లైటు ఆర్పడానికి లేచింది.

“నిన్న నేనసలు ఊళ్ళోనే లేను. ఇవాళ పొద్దున వచ్చాను. తలుపు తీసింది కూడా మీరే.”