గ్రేప్‌వైన్ హోటల్లో పెద్దమనుషుల పంచాయితీ

మహారాజశ్రీ కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ సెలక్షన్ కమిటీ వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లకి ర్యాంకులిచ్చి, ఏవి జాతీయ చాంపియన్‌షిప్ ప్లేఆఫ్ ఆడాలో తేల్చే మీరు టెక్సస్‌లోని గ్రేప్‌వైన్ హోటల్లో క్షేమమని తలుస్తాను. మేం పక్కనే ఇర్వింగ్‌లో ఉంటాం. ఏటా డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని అదే హోటల్‌కి ఐసు బొమ్మలు చూడ్డానికి వస్తాం. వాళ్ళిచ్చే నీలం కోట్లు పిల్లలకి కాళ్ళ దాకా వేలాడుతుంటే, ముక్కులు తుడుచుకుంటూ తిరుగుతాం. అదే హోటల్లో ఏదో గదిలో మీరు కూర్చుంటారని తెలిసినప్పటినుంచీ ఆ చలి ఇంకాస్త ఎక్కువగా అనిపిస్తోంది.

2025 డిసెంబర్ 7, ఆదివారం మీ ఫైనల్ లిస్టు కోసం పదకొండింటికే టీవీ ముందు చేరాం. పక్కింటాయన కొడుకు నోటర్‌డామ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఆయన బంగారు రంగు టోపీ పెట్టుకుని మరీ వచ్చాడు. మా ఆవిడ వేసిన పెసరట్టు ఆయన ప్లేట్లో అట్టముక్కలా అయ్యేదాకా అలాగే ఉండిపోయింది. ముందు మంగళవారం మీ లిస్టులో నోటర్‌డామ్ మయామీకి పైనుంది. ఆ వారాంతం రెండు జట్లూ మైదానంలో అడుగే పెట్టలేదు. ఆదివారానికి మయామీ పైకి, నోటర్‌డామ్ బయటికి! ఆగస్టు 31న నోటర్‌డామ్‌ని మయామీ ఓడించిందన్న సంగతి మీకు డిసెంబర్లో గుర్తొచ్చిందట. అలబామా మాత్రం అదే వారాంతంలో 28-7తో చిత్తుగా ఓడి కూడా తొమ్మిదో స్థానం నుంచి అంగుళం కదల్లేదు.

"గవర్నమెంటు వీళ్ళ సంగతి తేల్చాలండీ" అన్నాడు పక్కింటాయన.

ఆ మాట నేను 2023 నుంచీ అంటున్నాను. నేను టాలహసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసినవాణ్ణి. మర్చిపోదామంటే మర్చిపోనివ్వరు మీరు.

ఆ ఏడాది ఫ్లోరిడా స్టేట్ 13 ఆటలాడి 13 గెలిచింది. మీరూ సరిగ్గా 13 మందే! నవంబర్లో మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అయినా మావాళ్ళు ఫ్లోరిడాని 24-15తో కొట్టారు. మూడో నంబరు క్వార్టర్‌బ్యాక్ కుర్రాణ్ణి దింపి లూయీవిల్‌ని 16-6తో కొట్టి, మా కాన్ఫరెన్స్ (జట్ల లీగు) కప్పు ఎత్తారు. మీరేమో ఒక్కో ఓటమి ఉన్న టెక్సస్‌కీ అలబామాకీ చోటిచ్చి, "ట్రావిస్ లేని జట్టు వేరే జట్టు" అని మమ్మల్ని ఐదో స్థానంలో కూర్చోబెట్టారు. అప్పట్లో ప్లేఆఫ్‌లో ఉన్నవి నాలుగే చోట్లు. తన కాలు సీజన్లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేదని, అప్పుడు జట్టు సత్తా అందరికీ తెలిసేదని రాసుకున్నాడు ఆ పిల్లాడు. కాలు ఎప్పుడు విరగ్గొట్టుకోవాలో కూడా మీ వీలు చూసుకోవాలా?

అప్పుడు ఫ్లోరిడా అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టారు. గవర్నర్ డిశాంటిస్ కోర్టు ఖర్చులకని పది లక్షల డాలర్లు బడ్జెట్లో పెడతామన్నారు. నేను ఇంట్లో చప్పట్లు కొట్టాను.

మా ఆవిడ వంటింట్లోంచి "ఏ గవర్నమెంటు? మన గ్రీన్‌కార్డు చూస్తున్న గవర్నమెంటేనా?" అంది. నోరు పడిపోయింది. పన్నెండేళ్ళుగా క్యూలో ఉన్నాం. మేమేమీ చెయ్యకుండానే మా తేదీ కూడా అప్పుడప్పుడూ వెనక్కి పోతుంటుంది. నోటర్‌డామ్‌లాగే. కాకపోతే గవర్నమెంటు వాళ్ళు నెలనెలా వీసా బులెటిన్ వేసి ఏ తేదీ దాకా వచ్చారో చెప్తారు. మీలో ఎవరు ఎవరికి ఓటేశారో ఆ మాత్రం కూడా మాకు తెలియదు.

అయినా గవర్నమెంటు తీర్పు రుచి చూడకపోలేదు. 1969లో టెక్సస్ 15-14తో ఆర్కన్సాని గెలిస్తే, ఆట చూడ్డానికొచ్చిన ప్రెసిడెంట్ నిక్సన్ టెక్ససే నంబర్ వన్ అనేశాడు. ఒక్క ఆటా ఓడని పెన్ స్టేట్ నోరెళ్ళబెట్టి చూసింది. పెనం మీంచి పొయ్యిలోకి! 2009లో మా టెక్సస్ కాంగ్రెస్‌మన్ జో బార్టన్, ప్లేఆఫ్ లేకుండా దాన్ని జాతీయ చాంపియన్‌షిప్ అని అమ్ముకోకూడదని బిల్లు పెట్టాడు. చట్టం కాలేదు. కానీ 2014 సీజన్‌కల్లా ప్లేఆఫ్ వచ్చింది. కాకతాళీయమే అయ్యుంటుంది లెండి.

కాబట్టి చాంపియన్‌ని గవర్నమెంటు తేల్చక్కర్లేదు. మీ గది తలుపు తీయిస్తే చాలు. ఇది మీ సొంత వ్యవహారం అనకండి. ఆడేవాటిలో సగానికి పైగా ప్రభుత్వ యూనివర్సిటీలే. చాలా రాష్ట్రాల్లో గవర్నర్ కన్నా ఫుట్‌బాల్ కోచ్ జీతమే ఎక్కువ.

ఆ 2023 సీజన్ చివర్లో, ప్లేఆఫ్ బయట జరిగిన ఆరెంజ్ బౌల్ అనే ఆటలో జార్జియా చేతిలో మావాళ్ళు 63-3తో ఓడారుగా, చూశారా మేం చెప్పలా అంటారు మీరు. సగం జట్టు ఆడనేలేదన్నది మీకూ తెలుసు. సరే, ప్లేఆఫ్‌కొచ్చినా ఓడేవాళ్ళేమో. ఓడిపోనివ్వాల్సింది కదయ్యా! మైదానంలో, పదకొండు మంది చేతిలో. హోటల్ గదిలో పదమూడు మంది చేతిలో కాదు.

ఇట్లు,
ఐసు బొమ్మల దగ్గర నీలం కోటులో తిరిగే ఒక టాలహసీ పాత విద్యార్థి