సవరణ: బాంటే స్రే కట్టించింది రాజు కాదు

మొన్నటి కంబోడియా పోస్టులో బాంటే స్రే గుడిని అప్పటి ఖ్మేర్ రాజు ఐదో జయవర్మ కట్టించాడని రాసేశా, అది తప్పు, సరిగ్గా చూసుకోలేదు. అక్కడే దొరికిన శాసనం ప్రకారం కట్టించింది యజ్ఞవరాహుడు, ఆ జయవర్మకి గురువు, ప్రతిష్ఠ క్రీ.శ. 967లో. గుడి చిన్నదే గానీ గులాబీ రంగు ఇసుకరాయి మీద ఆ చెక్కుడు చూస్తే మతిపోద్ది, రావణుడు కైలాసాన్ని ఊపేస్తుంటే పైన పార్వతి శివుణ్ణి గట్టిగా పట్టుకుని ఉంటుంది, కింద జంతువులు బెదిరి పరిగెడుతుంటాయి. ఇంకోటి, నేను "దగ్గర్లోనే" అన్నానని కొంతమంది అంకోర్ వాట్ నుంచి నడిచెళ్లొచ్చు అనుకున్నారట, బాబోయ్ వద్దు, సుమారు 25 కిలోమీటర్లు ఉంటుంది, టుక్‌టుక్ మాట్లాడుకోండి. టికెట్ మాత్రం వేరే అక్కర్లేదు, అంకోర్ గుళ్లు చూడ్డానికి తీసుకునే అంకోర్ పాస్ సరిపోద్ది.