మహారాజశ్రీ పాటింగ్ మిక్సు సంచి గారికి

అయ్యా,

కుండీల్లో మట్టికి బదులుగా పోసుకునే మీకు, మా మిద్దె మీది కుండీల తరఫున నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. టమాటా ఒక్కటే కాస్త పసుపుగా ఉంది. మీరక్కడ నర్సరీ షెడ్డులో ఒకరి మీద ఒకరు ఎక్కి, ఎండ తగిలే వైపు రంగు వెలిసి, క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందు మీ అలంకారం గురించి మాట్లాడాలి. మీ ముందువైపు బొమ్మలో టమాటాలు, వాటి మీద నీటి చుక్కలు, పక్కన ఎర్ర క్యాప్సికం, బ్రోకలీ. హైదరాబాదులో ఏప్రిల్ ఎండకు మిద్దె మీద బ్రోకలీ తీయగలిగినవాళ్లకు మీ అవసరమేముందండీ, వాళ్లు ఎందులో వేసినా పండిస్తారు. బెండకాయ ఏం పాపం చేసింది? వంకాయ బొమ్మ వేస్తే మీ హోదా తగ్గుతుందా? సరే, బొమ్మ మీ ఇష్టం. "వంద శాతం ఆర్గానిక్", "వాడకానికి సిద్ధం", "పోషకాలతో నిండినది" అని ఒంటినిండా రాయించుకున్నారు. లోపల ఏముందో మాత్రం వెనకవైపు కుట్టు దగ్గర మడతలో, కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో రాశారు: "కోకోపీట్, వర్మీ కంపోస్ట్, వేపపిండి మొదలైనవి." ఏది ఎంతో లేదు. ఆ "మొదలైనవి" గారే సంచిలో సగం ఉంటారని మా అనుమానం. ఓసారి చేతిలోకి తీసుకుని చూస్తే రంపపు పొట్టు, కొబ్బరి పీచు పోగులు, ఒక బీడీ ముక్క కనిపించాయి. బీడీ కూడా ఆర్గానిక్కే, కాదనను.

ఇంకో సంగతి. మిమ్మల్ని కిలోల్లో ఎందుకు అమ్ముతారండీ? కుండీ అంగుళాల్లో కొంటాం, గ్రో బ్యాగు అంగుళాల్లో కొంటాం. వాటిని నింపాల్సిన మీరు మాత్రం కిలోల్లో వస్తారు. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న గ్రో బ్యాగు నిండాలంటే 40 లీటర్ల పైమాటే. ఐదు కిలోల సంచి ఒకటి తెచ్చి పోస్తే అడుగున పరుచుకుని, "మిగతావాళ్లు ఎప్పుడొస్తారు?" అన్నట్టు చూస్తారు. పైగా మీలోని కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి, సంచి కుట్టే ముందు నాలుగు చెంబులు చల్లితే కిలోలు వాటంతటవే పెరుగుతాయి. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు పెట్టి పట్టుకుంటారు. మీలో నీళ్లుంటే "తేమ ఉండాలి మేడమ్, మొక్కకి మంచిది" అంటారు. నీళ్లు మా ట్యాంకులో కూడా ఉన్నాయండీ. వాటిని సన్నబియ్యం ధరకు కొనే స్తోమత లేకే ఈ గోడు.

మీ పూర్వాశ్రమం మాకు తెలియనిది కాదు. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు లాగాక రాలే పొట్టును ఒకప్పుడు పలకరించిన నాథుడు లేడు. పీచు మిల్లుల పక్కన గుట్టలుగా వానకు నానుతూ పడి ఉండేది. అదే ఇప్పుడు ఇటుకలా నొక్కించుకుని, కోకోపీట్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకుని షోరూముల్లో కూర్చుంది. బాగుపడితే సంతోషమే. పొట్టు చెడ్డదని కూడా నేననను. నీరు పట్టి ఉంచుతుంది, వేళ్లకు గాలి ఆడనిస్తుంది, బరువు ఉండదు. కానీ అందులో మొక్కకు తిండి దాదాపు లేదు. ఉప్పు మాత్రం ఉంటుంది. సరిగ్గా కడగని పొట్టులో సోడియం, పొటాషియం మిగిలిపోతాయి. మనం వేసిన కాల్షియాన్ని ఆ పొట్టు తను పట్టుకుని, ఆ సోడియాన్ని, పొటాషియాన్ని వదులుతుంది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే పురుగు పట్టిందనుకుని మందు కొడతాం గానీ, చాలాసార్లు అది కాయకు కాల్షియం అందకపోవడమే. నీళ్లు ఒకరోజు వరదలా పోసి రెండ్రోజులు మరిచిపోయినా ఇంతే. పెద్ద గ్రీన్‌హౌసుల వాళ్లు మీ అన్నదమ్ముల్ని కొనేముందు "ఈసీ ఎంత?" అని అడుగుతారు. ఈసీ అంటే ఉప్పు ఎంతుందో తెలిపే కొలత. అది 0.5 లోపు ఉంటే ఉప్పు తక్కువ సరుకని లెక్క. మేం అదే మాట అడిగితే షాపులో అబ్బాయి ఏసీ అనుకుని పైకి చూశాడు.

మీ నటన గురించి కూడా చెప్పాలి. పైన చూస్తే పొడిపొడిగా, వారం రోజులుగా నీళ్లు చూడనట్టు ఉంటారు. వేలు రెండు కణుపులు లోపలికి దించితే చల్లగా తడి తగులుతుంది. ఆ పై ఎండును నమ్మి రోజూ పోస్తాం. వేళ్లు ఊపిరాడక మగ్గుతాయి, ఆకు పసుపుబారుతుంది, కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు ముసురుతాయి. అప్పుడు ఆ ఈగలకు వేరే మందు అమ్ముతారు. అది మీ పక్క అరలోనే ఉంటుంది.

"మట్టి కొనుక్కోవడమేంటే అమ్మాయ్, చోద్యం కాకపోతే" అంటారు మా అత్తయ్య. ఊళ్లో పెరట్లో ఆవిడ పాదు తవ్వి గింజ వేస్తే బీర తీగ కప్పెక్కేది. న్యాయమే. కానీ ఆ మట్టినే కుండీలో పోస్తే నెల తిరక్కుండా గట్టిపడి కూర్చుంటుంది. నేలలో నీరు కిందికి ఇంకడానికి లోతుంది. కుండీలో ఉన్నదే ఒక అడుగు, దాని అడుగు భాగం ఎప్పుడూ తడితోనే ఉంటుంది. గులకరాళ్లు పరిస్తే నీరు దిగిపోతుందని చెబుతారు గానీ, ఆ తడి పొర రాళ్ల పైకి జరుగుతుందంతే. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు.

ఇక బరువు. భవనాలు మోయాల్సిన బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే లెక్క. తడి మట్టిని అడుగు ఎత్తున మడిలా పోస్తే 500 దాటుతుంది. కింది ఫ్లాటు వాళ్లకు పాలకూర కట్టలు పంపినంత మాత్రాన స్లాబు ఊరుకోదు. మీ అవసరం మాకుందండీ, అక్కడే మీకు అలుసైపోయాం.

ఎర్రమట్టి, రెండు మూడుసార్లు కడిగిన కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు సమంగా, తూకంతో కాకుండా తట్టతో కొలిచి కలపడం, కుండీకి గుప్పెడు వేపపిండి వేయడం మా వాట్సాప్ గ్రూపులో ఎక్కువమంది పద్ధతి. మిగతావాళ్లు ఇసుక అంటారు. ఇసుక ఎక్కడ దొరుకుతుందని అడిగితే చర్చ మొక్కల నుంచి ప్రభుత్వాల మీదికి పోతుంది, అడ్మిన్ గ్రూపుకు తాళం వేస్తారు. నా ఓటు వరి ఊకకు. మిర్యాలగూడ వైపు మిల్లుల్లో కొదవ లేదు, చవక, మట్టిని గుల్లగా ఉంచుతుంది. పెర్లైట్ అనే తెల్లటి తేలిక రాతి పలుకులు మంచివే గానీ, మీలో వాటిని పులిహోరలో జీడిపప్పులా, ఉన్నాయని చెప్పుకోవడానికి వేస్తారు. మాగని పేడ మాత్రం వద్దు. వేరు పురుగును పిలిచి పీట వేసినట్టే.

కాబట్టి మా విన్నపాలు చిత్తగించండి. ఎన్ని లీటర్లో రాయండి. ఏది ఎంత పాలో రాయండి. ఈసీ అంకె, ప్యాక్ చేసిన నెల రాయండి. పంట తీశాక మీరు కుండీలో నాలుగు వేళ్లు కిందికి కుంగిపోతారని, మళ్లీ కంపోస్టు కలిపితే గానీ వంగకు, బెండకు పనికిరారని కూడా రాయండి. తోటకూరకైతే ఫరవాలేదు, దానికి మీరూ ఒకటే, గోడ పగులూ ఒకటే.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: సంచి మాత్రం చాలా గట్టి సరుకండీ. లోపలి సరుకంతా కుండీల్లోకి వంపి, అడుగున చిల్లులు పొడిచి, అత్తయ్య చెప్పిన మట్టీ పేడా పోసి గోంగూర వేశాం. పచ్చడికి సరిపడా వచ్చింది. బొమ్మలో బ్రోకలీ ఇంకా అలాగే ఉంది.