సేఫ్టీని 40 గజాల పరుగుతో తూచకండి

ఏటా ఇండియానాపొలిస్‌లో, కాలేజీ ఆటగాళ్ళ ఒంటి సత్తాను కొలిచే కంబైన్ పరీక్షలు మొదలవగానే అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య ఒక మాట చేతులు మారుతూ ఉంటుంది. "40 గజాల్ని నాలుగున్నర సెకన్లలోపు పరిగెత్తలేని సేఫ్టీ ఎన్ఎఫ్ఎల్‌లో నిలబడడు. కైల్ హామిల్టన్‌నే చూడండి, 4.59 పరిగెత్తి 14వ స్థానానికి జారిపోయాడు. అయినా ఆ పొజిషన్‌కు మొదటి రౌండు పిక్ వాడటమే దండగ." సేఫ్టీ అంటే రక్షణ జట్టులో అందరికంటే వెనక కాపలా కాసే ఆటగాడు. ఎన్ఎఫ్ఎల్ అమెరికాలోని వృత్తి లీగ్; అందులోని జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్టు, ఒక్కో వంతు ఒక పిక్, జట్ల వంతులు ఒక చుట్టు తిరిగితే ఒక రౌండు. హామిల్టన్ 2022లో అలా వెళ్ళిన సేఫ్టీ. ఆ మాటలో మూడు వాదనలున్నాయి. 2022లో ఇది విన్నవాళ్ళు నమ్మారంటే అర్థముంది. ఇప్పటికీ అదే పాట పాడుతుంటే మాత్రం ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు ఆ గడియారం సంగతి చూద్దాం. 4.59 నిజమే, దాన్ని దాచాల్సిన పనిలేదు. తర్వాత తన కాలేజీ నోటర్ డేమ్‌లో జరిగిన ప్రో డేలో (కాలేజీలోనే పెట్టే పరీక్షల్లో) ఇంకా నెమ్మదిగా పరిగెత్తాడన్నదీ నిజమే. కానీ అదే కంబైన్‌లో అతను నిలబడ్డచోటు నుంచి 38 అంగుళాలు పైకెగిరాడు, ముందుకు దాదాపు 11 అడుగులు దూకాడు. అదీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, 100 కిలోల బరువుతో. ఆ అంకెల్ని మాత్రం ఎవరూ పంచుకోరు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, ఎందుకంటే కుండలో మెతుకులన్నీ ఒకటే. ఆటగాడు అలా కాదు. అదే ఏడాది మొదటి రౌండులో వెళ్ళిన మిగతా ఇద్దరు సేఫ్టీలు, డ్యాక్స్ హిల్, లూయిస్ సీన్, 4.4 లోపే పరిగెత్తారు. వాళ్ళకూ హామిల్టన్‌కూ మధ్య తేడా సెకనులో ఐదో వంతు, నేలమీద కొలిస్తే సుమారు రెండు గజాలు. వాళ్ళిద్దరూ 31, 32 స్థానాల్లో వెళ్ళారు. హిల్‌ను తర్వాత కార్నర్‌బ్యాక్‌గా, అంటే మరో రక్షణ స్థానానికి, మార్చారు. సీన్‌కు తొలి ఏడాదే లండన్‌లో జరిగిన ఆటలో కాలు విరిగింది, 2024లో అతని జట్టు వైకింగ్స్ అతన్ని వదులుకుంది. ఆ కుర్రాడికి జరిగింది దురదృష్టం, వేగం ఉన్నవాళ్ళు ఓడిపోతారనడానికి దాన్ని రుజువుగా వాడుకోను. గడియారం చెప్పిన వరుస, మైదానం చెప్పిన వరుస ఒకటి కాలేదన్నంతవరకే నా మాట.

ఆ రెండు గజాలు సేఫ్టీ ఎక్కణ్ణుంచి తెస్తాడో తెలియాలంటే అతని పని తెలియాలి. రక్షణ జట్టులో అందరికంటే వెనక, బంతికి పది పదిహేను గజాల దూరంలో నిలబడతాడు. ముందు జరిగేదంతా అతని కళ్ళ ఎదుటే జరుగుతుంది. కబడ్డీలో కూతకొచ్చినవాడి చేతులు చూసి మోసపోయేవాడు అవుటవుతాడు. నడుము చూసేవాడు పట్టేస్తాడు. సేఫ్టీ కూడా అంతే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ భుజం ఎటు తిరిగింది, దాన్ని అందుకునే రిసీవర్ ఏ అడుగులో తడబడ్డాడు అని చూసి, బంతి చెయ్యి దాటకముందే కదిలిపోవాలి. గీత మీద వంగి నిలబడి, ఎదురుగా ఎవరూ లేకుండా, ఒక్క సరళరేఖలో పరిగెత్తించే పరీక్షలో ఈ నేర్పును కొలిచే భాగమే లేదు.

2021 సెప్టెంబరులో ఫ్లోరిడా స్టేట్ మీద హామిల్టన్ ఆడిన ఆట చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మైదానం మధ్యకు అవతలి పక్కన ఉన్న హామిల్టన్ పరుగున వచ్చి ఇవతలి గీత దగ్గర బంతి అందుకున్నాడు. రిసీవర్ ఖాళీగా ఉన్నాడనుకునే ఆ బంతి విసిరారు. ఆ రోజు రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు విసిరిన బంతిని అందుకోవడం) పట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు, నోటర్ డేమ్ సొంత మైదానంలో తన మొదటి ఆటలోనే, న్యూమెక్సికో విసిరిన బంతిని పట్టుకుని 34 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (చివరి గీత దాటి పాయింట్లు సాధించడం) చేశాడు. 2021లో మోకాలి దెబ్బతో ఏడు ఆటల దగ్గరే ఆగిపోయినా, కాలేజీ జీవితం మొత్తంలో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లు మిగిలాయి. ఈ వీడియోలన్నీ కంబైన్‌కు ముందే ఉన్నాయి. చూడదలచుకున్నవాళ్ళకు చూపించాయి.

ఇక జారిపోయాడన్న మాట. మొదటి ఐదుగురిలో వెళ్తాడని చాలామంది అనుకున్నారు, వెళ్ళలేదు. అయితే 14వ పిక్‌తో తీసుకున్న బాల్టిమోర్ రేవెన్స్‌కు అప్పటికి సేఫ్టీ కొరత లేదు. నెలన్నర క్రితమే మార్కస్ విలియమ్స్‌ను పెద్ద మొత్తానికి తెచ్చుకున్నారు. అవసరం కోసం కాక మనిషి కోసం తీసుకున్నారన్నమాట.

తొలి ఏడాది తడబాటును కూడా ఇక్కడ సాక్ష్యంగా తెస్తారు. 2022 సీజన్ రెండో వారంలో మయామీ మీద 35-14తో ముందున్న రేవెన్స్ 42-38తో ఓడింది. మయామీ రిసీవర్ టైరీక్ హిల్ ఆట చివరి పావుభాగంలో 48, 60 గజాల టచ్‌డౌన్లు రెండు చేశాడు. "చూశారా, వేగం లేదు" అన్నారు. అవి పరుగుపందెంలో ఓడిన బంతులు కావు. ఎవరు ఎవరిని చూసుకోవాలో రక్షణ మొత్తం సర్దుకోలేకపోయింది, రిసీవర్‌ను కాచేవాడే లేకుండా పోయాడు. ఆ మరుసటి వారమే న్యూఇంగ్లండ్ మీద వాళ్ళ రిసీవర్ నెల్సన్ ఎగలార్ చేతిలోంచి బంతిని గుద్ది రాల్చింది హామిల్టనే.

2023లో ఏం జరిగిందో ఆ వాదన చేసేవాళ్ళు ఎందుకో చెప్పరు. కోల్ట్స్ మీద ఒకే ఆటలో మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు, దీన్నే సాక్ అంటారు. సేఫ్టీ మామూలుగా చేసే పని కాదది. బ్రౌన్స్ మీద ఇంటర్‌సెప్షన్‌ను టచ్‌డౌన్‌గా మార్చాడు. క్రిస్మస్ రాత్రి ఫార్టీనైనర్స్ మీద రెండు బంతులు పట్టాడు. ఏడాది చివర లీగ్ మేటి ఆటగాళ్ళ జాబితా అయిన ఆల్-ప్రోలో మొదటి జట్టులో చోటు. తక్కువ పాయింట్లు ఇవ్వడంలో, సాక్‌లలో, బంతి లాక్కోవడంలో మూడింటా ఒకే ఏడాది లీగ్‌లో మొదట నిలిచిన తొలి జట్టు ఆ ఏటి రేవెన్సే. దాని నడుమ అతనున్నాడు.

మొదటి రౌండు దండగ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. 2023, 2024 డ్రాఫ్టుల్లో మొదటి రౌండులో ఒక్క సేఫ్టీ కూడా వెళ్ళలేదు. మంచి సేఫ్టీలు తర్వాత కూడా దొరుకుతారు. కెవిన్ బయార్డ్‌ను కంబైన్‌కే పిలవలేదు, మూడో రౌండులో వెళ్ళి 2017లో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో ఉమ్మడిగా ముందు నిలిచాడు. కానీ ఈ ఉదాహరణ మొదటి వాదననే పడగొడుతుంది. పరీక్షలే అంత సరిగా కొలిచేవైతే బయార్డ్ అంత కిందికి ఎలా వెళ్ళాడు? రెండు వాదనల్నీ ఒకే నోటితో చెప్పడం కుదరదు.

రేవెన్స్‌కు మాత్రం ఈ పొజిషన్ ఎప్పుడూ దండగ అనిపించలేదు. 2002లో 24వ పిక్‌తో తీసుకున్న ఎడ్ రీడ్ 64 ఇంటర్‌సెప్షన్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్ళాడు. 2025 ఏప్రిల్‌లో 27వ పిక్‌తో జార్జియా సేఫ్టీ మలకాయ్ స్టార్క్స్‌ను తెచ్చారు. అదే ఏడాది ఆగస్టులో హామిల్టన్‌కు నాలుగేళ్ళకు 10 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం రాసిచ్చారు. అప్పటివరకు ఏ సేఫ్టీకీ అంత రాలేదు.