ఆ పిల్లికి కుట్లు పడ్డాయా?

హత్య కేసులు ఛేదించే పశువుల డాక్టరమ్మ నవలల సీరీస్ గారికి,

నమస్కారం. నేను మీ పాత పాఠకురాలిని. మీ కొత్త భాగం చేతికొచ్చిన రోజు మా ఇంట్లో పప్పు మాడుతుంది. కాబట్టి ఈ ఉత్తరం పగవాళ్లు రాసిందనుకోకండి, అప్పిచ్చినవాళ్లు రాసిందనుకోండి.

మీ ఊరు నాకు కంఠతా వచ్చు. అమెరికాలో కొండల పక్కన ఎక్కడో చిన్న ఊరు. ఒక బేకరీ, ఒక పాత పుస్తకాల షాపు, ఒక చర్చి, ఒక పశువుల ఆస్పత్రి. పెళ్లి చెడిపోయి నగరం వదిలి వచ్చిన డాక్టరమ్మకి తాతగారి ప్రాక్టీసు చేతికొస్తుంది. రిసెప్షన్‌లో ఊరందరి గుట్టూ తెలిసిన పెద్దావిడ. ఆ ఊరి పోలీసు అధికారి, అదే షెరీఫ్, అందగాడు, పైగా పెళ్లికానివాడు. "ఈ కేసులో తలదూర్చకు" అని పుస్తకమంతా బెదిరించి, చివరికి ఆమె వేలు చూపించినవాణ్ణే అరెస్టు చేస్తాడు. భాగానికి ఇద్దరు చొప్పున చస్తున్నా ఆ ఊళ్లో ఇళ్ల ధరలు పడిపోవు, బేకరీలో రద్దీ తగ్గదు. సరే, కోజీ మిస్టరీ అంటే ముందే కుదిరిన ఒప్పందం. రక్తం కనపడకూడదు, బూతు వినపడకూడదు, చచ్చినవాడు ఊళ్లో ఎవరికీ నచ్చనివాడై ఉండాలి. దానికి నేనూ సంతకం పెట్టాను.

ఆ ఒప్పందంలో ఇంకో షరతుంది. కుక్క చావకూడదు. పిల్లి కూడా. దీనికి రాజ్యాంగమంత బలం. సినిమాలో కుక్క చస్తుందా లేదా అని జనానికి ముందే చెప్పడం కోసం 2010లో ఒక వెబ్‌సైటే పుట్టింది, అంతటి డిమాండు. అందుకని మీ బ్యాంకు మేనేజరు గొడ్డలి దెబ్బకి పోతాడు, తోటమాలి బావిలో తేలతాడు, పదమూడేళ్ల ముసలి లాబ్రడార్ మాత్రం కిడ్నీలు పాడైనా తోకాడిస్తూ తర్వాతి భాగంలోకి వచ్చేస్తుంది. పేషెంటు ఒక్కడూ చావని ఆస్పత్రి ప్రపంచంలో మీ దగ్గరే చూశాను.

మా మేనమామ కర్నూలు జిల్లా మెట్ట పల్లెల్లో పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. తన వృత్తివాళ్ల కథ కదా, మురిసిపోతాడనుకుని మీలో ఒక భాగం ఆయన చేతిలో పెట్టాను. అయిదో అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. అక్కడ డాక్టరమ్మ పిల్లికి ఆపరేషను చేస్తుంటుంది. ఫోను మోగుతుంది. శవం దొరికిందని కబురు. ఆమె గ్లవ్స్ తీసేసి, తలుపు మీది బోర్డు 'క్లోజ్‌డ్' వైపు తిప్పేసి, కారెక్కుతుంది.

"పిల్లికి కుట్లు వేసిందా?" అన్నాడు మామయ్య.

"అది కాదు మామయ్యా, శవం ఎవరిదంటే..."

"శవం ఎక్కడికీ పోదు గదే. మత్తులో ఉన్నది పిల్లి. దాని దగ్గర ఎవరున్నారు?"

నాలుగు పేజీలు ముందుకీ, పది పేజీలు వెనక్కీ తిప్పాడు. పిల్లి లేదు. పుస్తకం చివరి దాకా లేదు. హంతకుడు దొరికాడని చెప్పినా ఆయన ముఖం విప్పారలేదు.

తర్వాత మందుల బీరువా దగ్గర ఇంకో గొడవ. ఇరవయ్యో అధ్యాయంలో డాక్టరమ్మకి ఉన్నట్టుండి గుర్తొస్తుంది, మత్తుమందు కెటమిన్ సీసా ఒకటి కనపడక వారమైందని! అమెరికాలో కెటమిన్ 1999 నుంచి షెడ్యూల్ 3 మందు, అంటే దుర్వినియోగం కాకుండా ప్రభుత్వం కాపలా పెట్టిన జాబితాలోది. పశువులకు శాశ్వతనిద్ర ఇచ్చే పెంటోబార్బిటాల్ అయితే ఇంకా కఠినమైన షెడ్యూల్ 2. ప్రతి చుక్కకీ లెక్క రాయాలి, తాళం వేయాలి. మన దేశంలో కూడా 2013లో కెటమిన్‌ని షెడ్యూల్ ఎక్స్ అనే కట్టుదిట్టమైన జాబితాలో చేర్చారు. మామయ్య తీర్పు ఒకటే: "సీసా పోతే హంతకుడి కంటే ముందు డాక్టర్నే స్టేషనుకి పిలుస్తారు. ఈమె రిజిస్టరు ఎవరు రాస్తున్నారు?" ఎవరూ రాయడం లేదు. మీ సీరీస్‌లో స్టాకు రిజిస్టరు అనే పాత్రే లేదు.

విషాల సంగతికొస్తే మీకు యాంటీఫ్రీజ్ అంటే వల్లమాలిన ప్రేమ. కార్ల రేడియేటర్లో పోసే ఆ ద్రవంలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి కిడ్నీలు పోగొట్టుకుంటాయి. నిజమే. అందుకే అమెరికాలో తయారీదారులు అందులో చేదు మందు కలపడానికి 2012లో ఒప్పుకున్నారు. ఆ కబురు మీ హంతకులకి ఇంకా అందినట్టు లేదు. ఇప్పటికీ ఐస్‌డ్ టీలో కలిపి ఇస్తూనే ఉన్నారు, తాగేవాళ్లు "అబ్బ, ఎంత తియ్యగా ఉందో" అంటూనే ఉన్నారు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదులో ఏం చేస్తుందో చేతులతో నేర్చుకుంది. మీకు ఆ గది తాళం చెవి మీ నాయికే ఇస్తానంటోంది, మీరు బేకరీకి వెళ్తానంటున్నారు.

సైనైడ్ పేరెత్తితే మామయ్య నవ్వాడు. వానలు మొహం చాటేసిన ఏడు ఆయనకి సైనైడ్ కేసులు తప్పేవి కావట. ఎండకి గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన నాములో ఆ విషం ఉంటుంది. ఆకలి మీదున్న ఆవు మేస్తే కొన్ని నిమిషాల్లో కింద పడుతుంది. అందులో హంతకుడు జొన్నచేను, సాక్షి పశువులు కాసే పిల్లాడు. వాడు మాత్రం "చేలోకి పోనియ్యలేదు సార్" అంటాడు, ఆవు నోట్లో ఇంకా పచ్చి ఆకు ఉంటుంది.

ఇదిగో, నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. డిటెక్టివ్‌గా పశువుల డాక్టర్ని ఎంచుకున్నారు చూడండి, అది బ్రహ్మాండమైన ఆలోచన. పేషెంటు మాట్లాడదు, వెంట వచ్చినవాళ్లు అబద్ధమాడతారు. రోజంతా ఇదే పని. "బయటిదేం తినలేదండీ" అంటారు, ఎక్స్‌రేలో సాక్సు కనిపిస్తుంది. మీ అమెరికాలో కుక్క తూలుతూ, నిలబడ్డచోటే ఉచ్చ కారుస్తూ వస్తుంది, యజమాని గంజాయికి ఎర్రబడ్డ కళ్లతో "పార్కులో ఏదో నాకినట్టుంది" అంటాడు. ఇక్కడ "నిన్నటిదాకా బాగానే ఉంది సార్" అంటారు, బర్రె డొక్క మీద నాటు వైద్యుడు పెట్టిన వాతల మచ్చలు మూడు రోజుల నాటివి. డాక్టరు వాళ్ల మాటకి తలూపుతూ, చేత్తో కడుపు తడుముతూ నిజం వెతుక్కోవాలి. ఇంత పదునున్న మనిషిని తెచ్చి మీరేం చేయిస్తున్నారు? కాఫీ తాగుతూ పుకార్లు వినిపిస్తున్నారు. చివర్లో ఆమెని పశువుల కొట్టంలో కట్టేయిస్తే హంతకుడే తుపాకీ పట్టుకుని రెండు పేజీలు నేరం ఒప్పుకుంటాడు. ఈలోగా కుక్క వచ్చి అతని పిక్క పట్టుకుంటుంది. డిటెక్టివ్ కుక్కా, డాక్టరమ్మా?

మామయ్య దగ్గర ఒక కేసు ఉంది, ఉచితంగా ఇస్తాను. పశు బీమాకి ఒక నియమం ఉంది, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. బీమా చేసేటప్పుడు చెవికి నంబరు ట్యాగు వేస్తారు, పశువు చస్తే డాక్టరు పోస్టుమార్టం చేసి, ట్యాగు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒకరోజు చచ్చిన బర్రె దగ్గరికి పిలిచారు. ట్యాగు ఉంది, నంబరు కాగితాలతో సరిపోయింది. ట్యాగు పాతది. చెవికున్న రంధ్రం మాత్రం పచ్చిగా ఉంది. కాగితంలో వయసు ఆరేళ్లు, పళ్లు చూస్తే పదికి తక్కువ లేదు. బీమా ఉన్న బర్రె ఏ బంధువుల దొడ్లోనో నెమరు వేస్తోందన్నమాట. చచ్చినది మాత్రం నిజంగానే చచ్చింది, ఆ ఇంట్లో పాలిచ్చేది అదొక్కటే. రైతు భార్య గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది, ఆ ఏడుపులో నటన లేదు.

"మరి సర్టిఫికెట్ ఏం రాశావు మామయ్యా?" అంటే, "నీకెందుకే" అన్నాడు.

మీ అన్ని భాగాల్లోనూ కలిపి నన్ను ఇంత ఇరకాటంలో పెట్టిన నేరస్థుడు ఒక్కడూ లేడు. మీ హంతకులంతా భూముల కోసమో వీలునామా కోసమో చంపుతారు. వాళ్లని పట్టిస్తుంటే నాకు జాలి వేయదు, డాక్టరమ్మకి నిద్ర చెడదు.

అంత పల్లెటూరి బాధ మాకొద్దంటారా? మీ పక్క దేశంలోదే ఒకటి ఉంది. 1994లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో ఒక స్త్రీ హత్యకి గురైంది. రక్తపు మరకలున్న తోలు జాకెట్ దొరికింది, దాని మీద తెల్లటి పిల్లి వెంట్రుకలు. అనుమానితుడి ఇంట్లో స్నోబాల్ అనే తెల్లపిల్లి ఉంది. దాని రక్తం నమూనా తీసి అమెరికాలో పిల్లుల జన్యువుల మీద పనిచేసే ల్యాబ్‌కి పంపారు. ద్వీపంలో తెల్లపిల్లులన్నీ దగ్గరి చుట్టాలేమో, తేడా తెలియదేమో అని అక్కడి వేరే పిల్లుల రక్తం కూడా పరీక్షించారు. డీఎన్ఏ స్నోబాల్‌దే అని తేలింది, 1996లో అతనికి శిక్ష పడింది. అందులో పిల్లి చావలేదు కూడా, మీ షరతుకి భంగం లేదు!

ఇట్లు,
వచ్చే భాగం కూడా కొనబోయే మీ పాఠకురాలు

తా.క.: పుస్తకం చివర కుక్క బిస్కెట్ల రెసిపీ ఇస్తారు కదా, అందులో పీనట్ బటర్ వేయమన్నచోట "జైలిటాల్ లేనిది" అని ఒక ముక్క చేర్చండి. కొన్ని కంపెనీలు తీపి కోసం దాన్ని కలుపుతాయి. కుక్కల్లో అది రక్తంలో చక్కెరని పడేస్తుంది, లివరు దెబ్బతింటుంది. ఇన్ని భాగాలుగా మీరు కాపాడుకొచ్చిన కుక్క, రెసిపీ పేజీలో చచ్చిపోతే షెరీఫ్ మిమ్మల్నే అరెస్టు చేయాలి.