చదివింపులు

మా ఏడో తరగతి పిల్లలు ఏ పాఠమైనా కథలాగే చదువుతారు. మొదటి అక్షరం దగ్గర అందుకుని చివరి చుక్క దాకా ఊపిరి తిప్పుకోరు. పెన్నా పొడవెంతరా అంటే, నంది కొండల్లో పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెడతారు. పక్కనే పట్టికలో 597 కిలోమీటర్లని అంకె కూర్చునుంటుంది. దాని మొహం చూసేవాడు లేడు. శీర్షికలు, లావు అక్షరాలు, బొమ్మ కింది రాతలు ఖాళీ నింపడానికి వేశారని వాళ్ల నమ్మకం.

2022 చివర్లో సంగతి. కావలి దగ్గర మా బడి. ఆ శుక్రవారం మూడో పీరియడ్‌లో చెప్పాను: "ముందు పేజీ మొత్తం ఒకసారి చూడండి. పేరును బట్టి లోపల ఏముంటుందో ఊహించండి. ఉపశీర్షికను ప్రశ్నగా మార్చుకోండి. అప్పుడు చదవండి." ఆవలించారు. పుస్తకంతో పని కాదని సంచిలోంచి శుభలేఖ తీశాను. మా చిన్నాన్న మనవరాలి పెళ్లిది. శనివారానికి సెలవు కూడా పెట్టేశాను.

"ఇది కథా?"

"కాదు సార్, సమాచారం."

ప్రాణం లేచొచ్చింది. లావు అక్షరాలేవంటే వధూవరుల పేర్లన్నారు. వినాయకుడి బొమ్మ కింద పేరెందుకు లేదంటే, "తెలిసినాయనే గదా సార్" అన్నాడొకడు. వెనక మండపానికి దారి చూపే పటం ఉంది. "ఉత్తరం గుర్తు లేదు, స్కేలు లేదు, పెట్రోలు బంకు మండపం కన్నా పెద్దగా ఉంది" అంది ఇంకో పిల్ల. దాని కింద చిరునామా: కందుకూరు, ప్రకాశం జిల్లా. "తప్పు సార్! ఏప్రిల్‌లో మన నెల్లూరులో కలిపారని మీరే చెప్పారు!"

పొంగిపోయాను. అక్కడితో ఆపినా బాగుండేది. "చిన్న అక్షరాలు అసలు వదలకూడదు" అన్నాను.

మొదటి బెంచీ అమ్మాయి కార్డును కళ్లకు ఆనించుకుంది. "సుముహూర్తం శుక్రవారం రాత్రి 2-14 గంటలకు, తెల్లవారితే శనివారం." ఇంకా కిందికి దిగింది. "విందు, శుక్రవారం మధ్యాహ్నం 12 గంటల నుండి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"శుక్రవారమంటే ఇయ్యాలే గదా సార్?"

నేను చూసుకున్నది శనివారం ఒక్కటే. దాన్నే లావుగా వేశాడు మరి ఆ ప్రెస్సువాడు! గోడ గడియారంలో పదకొండూ ఇరవై. ఇప్పుడు పరిగెత్తి బస్సెక్కినా పెరుగన్నం వేళకి చేరితే గొప్ప.

అప్పుడే ఫోన్ మోగింది. తరగతిలో ఫోన్ ఎత్తకూడదని రూలుంది. మా ఆవిడ ఫోన్ ఎత్తకపోతే జరిగేదానికి ఏ రూలూ లేదు.

"ఏమండీ, పట్టుచీర ఇస్త్రీకిచ్చా. సాయంత్రం ఇస్తానన్నాడు. రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"

"రేపు కాదే... ఇయ్యాల."

"ఏందీ? మీవాళ్ల పెళ్లే గదా, ఆ కార్డు సరిగ్గా చదివారా అసలు?"

తరగతంతా నన్నే చూస్తోంది. మొదటి బెంచీ అమ్మాయి కార్డు ఇంకా దించలేదు.

"చదివించాను" అన్నాను.